మామిడి ముందే పూస్తే: ఇంట్లో ఎవరూ ఒప్పుకోని సలహాలు

డిసెంబరు తొలి వారంలో పెరటి మామిడి పూసిందంటే ఇంటిల్లిపాదికీ సంబరమే. "మా చెట్టు అప్పుడే పూసీసింది మాస్టారూ, ఈ ఏడు ఊరందరికంటే ముందు మాదే కాయ" అని సంతలో చెప్పుకుంటారు. అరకులోయ చుట్టుపక్కల ఈ మాట వినని ఏడాది లేదు నాకు. నా సలహా మాత్రం ఏటా ఒకటే. నిచ్చెన వేసుకుని ఆ పూతంతా విరిచేయండి.

ఇది తప్పుడు సలహా అని మీ ఇంట్లో పెద్దలంటారు, ఎరువుల కొట్టువాళ్లంటారు. పూత చూసి అడ్వాన్సు పట్టుకొచ్చిన వ్యాపారి అయితే కోప్పడతాడు కూడా. కింద రాసినవన్నీ ఇలాంటివే, వినగానే తల అడ్డంగా ఊపాలనిపించేవే. ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెప్పిన రోజుల్లోనూ, రిటైరయ్యాకా పెరటి చెట్ల కింద నేను నమ్మి చేసినవి, అడిగినవాళ్ల చేత చేయించినవి ఇవే.

మొదటి పూత మీద జాలి వద్దు

ఒక పూకాడ తెంపి ఎండలోకి తెచ్చి చూడండి. ఒక్కో కాడకు వందల పూలు, కొన్నిటికి వేలు. విచ్చిన పువ్వు చిటికెన వేలి గోటికంటే చిన్నది. అయిదు రేకులు, రేకు మీద పసుపు గీతలు. భూతద్దం ఉంటే పెట్టండి, లేకపోతే పిల్లల్ని పిలవండి, వాళ్ల కళ్లు చాలు. కొన్ని పూల నడుమ లేతాకుపచ్చ పూసలాంటిది ఒకటి కూర్చుని ఉంటుంది, దాని పక్కనుంచి సన్నటి కొక్కెంలాంటి కాడ లేచి ఉంటుంది. కాయ కట్టగలిగేది ఆ పువ్వే. చాలా పూలకు ఆ పూస ఉండదు. గులాబీ రంగు పుప్పొడి తిత్తి మాత్రం ఉంటుంది. అవి మగపూలు, పని అయ్యాక రాలిపోతాయి. పూస ఉన్నవెన్ని, లేనివెన్ని అని పిల్లల చేత ఒక కాడ మొత్తం లెక్కపెట్టించండి. చలి ముదిరిన రోజుల్లో తయారైన కాడలో మగపూల పాలు పెరుగుతుంది. ఫిబ్రవరిలో మళ్లీ ఒక కాడ లెక్కపెడితే తేడా మీకే తెలుస్తుంది.

పూస ఉన్న పువ్వుకైనా చలిలో కష్టమే. రాత్రి 15 డిగ్రీల కిందికి దిగితే పుప్పొడి మొలకెత్తి లోపలికి పాకడం మందగిస్తుంది. మన లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు ఇక్కడ పది డిగ్రీల లోపుకు పోవడం మామూలే. చింతపల్లి, లంబసింగి వైపు గడ్డి మీద మంచు పేరుకునే రోజులు కూడా ఉంటాయి. ఆ రోజుల్లో పూసిన పువ్వుకు పిందె కట్టినా లోపల విత్తనం చచ్చిపోతుంది. అప్పుడా పిందె రాలదు, పెరగదు. గోళీ అంత, మహా అయితే నిమ్మకాయంత అయి ఆగిపోతుంది. కోస్తే టెంకలో పప్పు ఉండదు. ఊళ్లో దీన్ని చూసి చెట్టుకు దిష్టి తగిలిందంటారు. చెట్టుకు తగిలింది చలి.

అందుకే విరవమంటున్నాను. ఎలా అంటే, కాడ జానెడు సాగి, పూలు ఇంకా పూర్తిగా విచ్చకముందు, కాడ మొదట్లో పట్టుకుని పక్కకు వంచితే టప్పున విరుగుతుంది. కింద ఆకులు ఉండాలి, కొమ్మను చీల్చకూడదు. చివరి మొగ్గ పోయింది కాబట్టి దాని కింద ఆకుల సందుల్లో నిద్రపోతున్న పక్క మొగ్గలు లేస్తాయి. రాత్రుళ్లు ఇంకా చల్లగా ఉంటే అవి పూకాడలై వస్తాయి, కొన్ని వారాలు ఆలస్యంగా, వెచ్చబడుతున్న పగళ్లలోకి. వేడి మొదలయ్యాక విరిస్తే మాత్రం పూతకు బదులు చిగురు వస్తుంది, ఆ ఏడు కాపు పోయినట్టే. కాబట్టి మన లోయలో సంక్రాంతిని గడువుగా పెట్టుకోండి. కనుమ దాటాక చెట్టు మీద చేయి వేయొద్దు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. చలి దెబ్బ తప్పించుకోవడానికి దక్షిణాఫ్రికా మామిడి తోటల్లో తొలి పూత తీసేసి చూశారు, పక్క మొగ్గల నుంచి రెండో పూత తెచ్చుకున్నారు. ఉత్తర భారతంలో పూకాడ ఉండలా గుబురుకట్టి కాయ లేకుండా పోయే జబ్బుకు జనవరిలో మొగ్గ దశలోనే పూత తుంచేయమని శాస్త్రవేత్తలు 1970ల నుంచీ చెబుతున్నారు. తేనెమంచు పురుగు గుడ్లు పెట్టేది కూడా లేత పూకాడల్లోనే. విరిచిన కాడలు చెట్టు కిందే వదిలేయకుండా గోనెసంచిలో పోసి దూరంగా గుంట తీసి పూడ్చేస్తే ఆ గుడ్లూ పోతాయి.

మొదటిసారి నేను విరుస్తుంటే పక్కింటి కొండదొర అవ్వ కంచె దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. "ఏటి బాబూ, కడుపుతో ఉన్న చెట్టుని అలా చేస్తన్నావు?" అంది. ఆ మాటకు నా చేయి ఆగిపోయింది. చెట్టు తూర్పు సగమే విరిచి, పడమటి సగం అవ్వకు వదిలేశాను. మేలో ఇద్దరం కలిసే చూశాం. పడమటి కొమ్మల నిండా గోళీకాయలు, తూర్పు కొమ్మల్లో కాయలు. మీరూ మొదటి ఏడు అలా సగమే చేయండి. ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పే పని కూడా చెట్టే చేస్తుంది.

ఒక్క చెట్టును మాత్రం ముట్టుకోవద్దు. ఏటా రెండు మూడుసార్లు కాసే పునాస మామిడి మీ పెరట్లో ఉంటే దానికి ముందూ వెనకా ఉండదు, అది దాని పుట్టుక. రెండేళ్లు వరుసగా వేళ కాని వేళ పూసి, కాయ కూడా నిండుగా నిలబెట్టుకుంటే అది పునాసే అనుకోండి. దాని కాయ పచ్చడికి దాచుకోండి.

పూత చూసి పైకి కాదు, మొదలు వైపు చూడండి

పూత బాగుంటే చెట్టు బాగున్నట్టే అనుకుంటాం. పక్క కొమ్మలన్నీ పచ్చగా నిద్రపోతుంటే ఒక్క కొమ్మే విరగబూసిందంటే నాకు భయం వేస్తుంది. ఆ కొమ్మ మొదట్లో బెరడు చుట్టూ తడిమి చూడండి. రంపపు పొట్టులాంటిది రాలుతోందా? నల్లటి బంక కారిన చార ఉందా? కాండం తొలిచే పురుగు లోపల దారులు చేస్తుంటే ఆకుల్లో తయారైన పిండి పదార్థం కిందికి దిగలేక కొమ్మలోనే నిలిచిపోతుంది. అలాంటి కొమ్మ గబగబా పూస్తుంది. ఆ తర్వాత ఎండిపోతుంది.

రంధ్రం దొరికితే సైకిల్ పుల్ల చివర కొద్దిగా వంచి లోపలికి పోనివ్వండి. మెత్తగా తగిలి, బయటికి లాగితే తెల్లటి లావుపాటి పురుగు వస్తుంది, మీ బొటనవేలంత ఉన్నా ఆశ్చర్యపోవద్దు. తర్వాత పెట్రోలులో ముంచిన దూది కుక్కి బంకమట్టితో మూసేయాలి. ఈ పని అయ్యేదాకా పూత గురించి మాట్లాడుకోవడం అనవసరం.

చిన్న అంటు పూస్తే ఫొటో తీసుకుని తుంచేయండి

గిరిజన ప్రాంతాల్లో నాబార్డు వాడీ పథకం తోటల పుణ్యమా అని మామిడి, జీడిమామిడి అంట్లు చాలా ఇళ్లకు వచ్చాయి. అంటు కట్టిన కొమ్మ వయసులో పెద్దది, అందుకే మోకాలెత్తు మొక్క కూడా రెండో ఏడే పూస్తుంది. నాటిన చేత్తోనే తుంచడమంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది, నాకూ తెలుసు. అయినా మూడేళ్లదాకా, మొక్క బలంగా లేకపోతే నాలుగేళ్లదాకా, ఒక్క కాయనూ నిలవనివ్వకండి. వేరు దిగాల్సిన బలం కాయకు పోతే కొండ వాలులో గాలికి ఆ మొక్క నిలవదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ కొండల మీద సిల్వర్ ఓక్ చెట్లే వరసగా కూలాయి.

నీళ్లు ఆపండి, యూరియా ఆపండి, ఆకులు తగలబెట్టడం ఆపండి

పూత కనపడగానే బిందెలతో నీళ్లు పోస్తారు, గుప్పెడు యూరియా చల్లుతారు. చెట్టును చూసుకోవాలన్న ప్రేమే అది, కానీ పూసే చెట్టుకు నీరూ నత్రజనీ అందితే చిగురు మీదికి మనసు పోతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా చుక్క నీరు పోయొద్దు. అప్పటినుంచి మాత్రం పది పదిహేను రోజులకోసారి కరువుతీరా పోయండి.

రాలిన ఆకులు ఊడ్చి చెట్టు కిందే నిప్పు పెట్టడం మనకు అలవాటు, చలికాలంలో కాచుకున్నట్టూ ఉంటుంది. ఫిలిప్పీన్స్ రైతులు పూర్వం మామిడిని తొందరగా పూయించడానికి చేసిన పని సరిగ్గా ఇదే. చెట్టు కింద రోజుల తరబడి పొగ పెట్టేవారు. ముదిరిన మొగ్గ ఆ పొగలోని వాయువులకు లేచి పూసేది. 1970ల్లో అక్కడి ఉద్యాన శాస్త్రవేత్త రామన్ బార్బా ఒక శాతం పొటాషియం నైట్రేట్ నీళ్లు చల్లితే అదే ఫలితం వస్తుందని చూపించాడు. దాని మీద రైతుల దగ్గర రాయల్టీ కూడా అడగలేదు. అంత గొప్ప పని చేసిన మనిషి మీద నాకెంతో గౌరవం. కానీ వెచ్చటి దీవుల్లో పూయని చెట్టును పూయించడం వాళ్ల అవసరం. చలి కొండ మీద ముందే పూసిన చెట్టును ఆపుకోవడం మన అవసరం. అక్టోబరు, నవంబరుల్లో చెట్టు కింద మంట పెట్టకండి. ఆకులు మొదలు చుట్టూ పరచండి, మంచు తేమకు అవే కుళ్లి ఎరువవుతాయి.

పాక్లోబ్యూట్రజాల్ అనే మందు సీసా గురించి కూడా చెప్పాలి. వేళ్ల దగ్గర పోస్తే చెట్టు లోపల ఎదుగుదల హార్మోను తయారీ ఆగి, కొమ్మ సాగడం మాని పూతకొస్తుంది. మైదానంలో పెద్ద తోటలవాళ్లు లెక్క ప్రకారం వాడుకుంటారు, వాళ్ల సంగతి వేరు. పెరట్లో వద్దనే అంటాను. అది మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మన పెరట్లో మామిడి ఒంటరిగా ఉండదు. దాని కాండం మీద మిరియం తీగ, నీడలో నాలుగు కాఫీ మొక్కలు, పక్కన పసుపు, అల్లం. వాటి వేళ్లూ ఆ మట్టిలోనే ఉన్నాయి. నేను ఒకసారి కొట్టువాడి మాట విని ఆ సీసా కొన్నాను. మూత తీయకముందే పసుపు మడి వైపు చూసి ఆగిపోయాను. తిరిగి తీసుకోమంటే తీసుకోలేదు.

ఈగల్ని రానివ్వండి

వలిసెలు పూసినంత కాలం తేనెటీగ మామిడి వంక చూడదు. అరకుకు వచ్చే ప్రయాణికులు ఆ పసుపు చేలల్లో నిలబడి ఫొటోలు దిగుతుంటారు, తేనెటీగలూ అక్కడే ఉంటాయి. ముందే పూసిన మామిడికి ఇదో నష్టం. వలిసెలు కోతకొచ్చాక పూసిన చెట్టు కింద నిలబడి వినండి, చెట్టంతా గుయ్యిమంటుంటుంది.

ఆ మోతలో తేనెటీగలకంటే మామూలు ఈగలే ఎక్కువ. మామిడి పూతను కలిపేది ప్రధానంగా ఈగలే. ఇంట్లో ఈగ వాలితే చేట తీసుకునే మనం పెరట్లో ఈగను పిలవాలి. తైవాన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ మామిడి రైతులు కుళ్లిన చేపో మాంసమో తోటలో వేలాడదీసి ఈగల్ని రప్పిస్తారు. నేను సంతలో చేపలమ్మి దగ్గర తలకాయలు, పేగులు అడిగి తెచ్చి, పక్కలకు బొక్కలు కొట్టిన పాత డబ్బాలో వేసి, కుక్కలకు అందకుండా పెరటి చివరి కొమ్మకు కడతాను. వంటింటికీ నుయ్యికీ దూరంగా, గాలి ఇంటి వైపు వీచని పక్కన. పూత విచ్చిన పది రోజులే. తర్వాత డబ్బాతో సహా పూడ్చేయాలి. వాసన వస్తుంది, నిజమే. పది రోజులు ఓర్చుకోమని ఇంట్లోవాళ్లను బతిమాలుకోండి.

ఆ పది రోజులూ పురుగుమందు కొట్టకండి. మంచు పట్టిన ఉదయాల తర్వాత కాడల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. పూలు విచ్చకముందే అయితే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లండి, అంతటితో సరి.

ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల్ని కూడా తగలబెట్టొద్దు. కాయ కోయడానికి ఎక్కినప్పుడు కరుస్తాయి, ఒళ్లంతా మండుతుంది, అయినా వద్దు. తేనెమంచు పురుగుల్ని, పండు ఈగల్ని అవి వేటాడతాయి. చైనాలో నారింజ తోటల కోసం ఈ చీమల గూళ్లను బజారులో అమ్మేవారని క్రీ.శ. 304 నాటిదిగా చెప్పే గ్రంథంలో ఉంది. సరిహద్దు అవతల ఒడిశాలో సిమిలిపాల్ అడవి ప్రజలు ఈ చీమలతో చేసే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కోసే రోజు కొమ్మకు, నిచ్చెన కాళ్లకు బూడిద రాసుకుని ఎక్కండి.

పూత మీద బేరం ఆడకండి

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ముందే పూసిన చెట్టును ముందు చూసేది వ్యాపారి. నాలుగు వేలో అయిదు వేలో చేతిలో పెట్టి, "కాయ నాది, కోత నాది, మీకు కష్టం లేదు" అంటాడు. జనవరిలో ఇంట్లో డబ్బు అవసరం ఉంటుంది, పండగ ఉంటుంది, పిల్లల చదువు ఉంటుంది. ఒప్పుకుంటారు. ఆ క్షణం నుంచి ఆ చెట్టు మీద మీ చేయి ఉండదు. అతనికి కావలసింది ముందు కాయ. మైదానంలో సువర్ణరేఖ, బంగినపల్లి బజారు నింపేలోపు అమ్ముకోవాలి. అందుకని ముదరని కాయ కోస్తాడు, ఎక్కడో గోదాములో నిషేధించిన కార్బైడుతో రంగు తెప్పించేవాళ్లకు చేరుతుంది. మీ పిల్లలు తినాల్సిన కాయ అది.

1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన గిరిజనుల నేల గిరిజనేతరుల పాలు కాకుండా అడ్డం పడింది. నేల నిలబెట్టుకున్న ఇంట్లో చెట్టు కాపు మాత్రం ఒక చీటీ ముక్క మీద పోతోంది. పూత విరిచేసిన చెట్టుకు జనవరిలో బేరగాడు రాడు. విరవమని నేను అంత పట్టుదలగా చెప్పడానికి సగం కారణం ఇది. మార్చి చివర, కాయ కోడిగుడ్డంత అయ్యాక, కళ్లతో చూసి, లెక్క వేసుకుని, అప్పుడు మాట్లాడండి. అప్పుడైనా రెండు కొమ్మలు ఇంటికి అట్టే పెట్టుకోండి.

"ఉగాది పచ్చడికి కాయ ఉండదు కదా" అని మా ఇంట్లోనే అడిగారు. పచ్చడికి పులుపు కావాలి, పిందె చాలు.

ఆలస్యమైన కాయను ఇంకా ఆలస్యంగా తినండి

ఏజెన్సీ ఊళ్లలో మామిడి కొత్త పండగ జరిగేదాకా కొత్త కాయ నోట పెట్టరు. ముహూర్తం చూసే దిసారి రోజు చెబితే, ఊరి దేవతకు, పెద్దలకు పెట్టి, అప్పుడు తింటారు. రోడ్డు పక్క ఊళ్లలో ఈ కట్టు సడలుతోంది. వ్యాపారి తొందర ముందు అది వెనకబాటులా కనిపిస్తోంది కుర్రాళ్లకు. లేత కాయను చెట్టు మీద ఉంచి ముదరనిచ్చే కట్టడి ఇంతకంటే మంచిది నేనెక్కడా చూడలేదు. బడిలో పిల్లలకు ఇదే చెప్పేవాణ్ని.

ఆలస్యంలో ఒక నిజమైన ప్రమాదం ఉంది, దాన్ని దాచను. చివరి కాయలు పండేసరికి తొలకరి మొదలవుతుంది. ఈ కొండల్లో టెంక పారేసేది కాదు. పగలగొట్టి, లోపలి పప్పు ఎండబెట్టి, వగరు పోయేలా గెడ్డలో పారే నీటిలో నానబెట్టి, పిండి చేసి, వానాకాలం ఇంట్లో గింజలు తగ్గినప్పుడు అంబలి కాస్తారు. తడి టెంకకు బూజు పడుతుంది, ఆ బూజు విషం. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో టెంక జావ తాగి పలువురు ఆదివాసులు చనిపోయారు. ఉడికించినా ఆ విషం పోతుందని నమ్మడానికి లేదు.

కాబట్టి పూత విరిచి కాపును వెనక్కి జరిపిన ఇల్లు టెంక విషయంలో రెట్టింపు జాగ్రత్త పడాలి. మేలో పండిన కాయల టెంకలే అంబలికి దాచండి, ఎండలో రాతి మీద పరచి, తిరగేస్తూ. వానలు పడ్డాక తిన్న కాయల టెంకలు మొలకకు వేయండి, తినడానికి వద్దు. ఎండినవాటిని గోనెసంచిలో కట్టి మూలకు నెట్టకుండా, పొయ్యి మీది అటక మీద పలచగా పరవండి, రోజూ పొగ తగలాలి. వారానికోసారి పైకి ఎక్కి గుప్పెడు చేతిలోకి తీసుకుని ఊపండి, గలగలమనాలి. ఒకటి విరిచి చూడండి, లోపల తెల్లగా, గట్టిగా ఉండాలి. నల్ల మరకో పచ్చ మరకో ఉంటే, ముక్కిన వాసన వస్తే, ఆ ఒక్కటే కాదు, దాన్ని ఆనుకుని ఉన్నవన్నీ తీసేయండి. కోళ్లకు కూడా వేయకండి, గుంట తీసి పూడ్చండి.